డూమ్ మ్యాప్ ఎడిటర్‌లో కలలాంటి నేల: ఎటు నడిచినా ఇంటికే చేరే మైదానం

కలలో కనిపించే చోటు వింతగా ఉండదు, మామూలుగానే ఉంటుంది. ఇల్లు ఇల్లులాగే, తలుపు తలుపులాగే ఉంటాయి. ఒక్క నియమం మాత్రం తప్పుతుంది: ఇంటికి దూరంగా నడిచినకొద్దీ మళ్లీ అదే ఇంటి ముందుకు వస్తాం. గేమ్ ఎడిటర్ చేతికి రాగానే చాలామంది ఊదా రంగు ఆకాశం, తేలే రాళ్లు, పెద్ద పెద్ద కళ్లు, గాలిలో మెట్లు అన్నీ ఒకే చోట కుక్కుతారు. దాన్ని చూసినవాళ్లు "ఫ్యాంటసీ గేమ్" అనుకుంటారు తప్ప కల అనుకోరు. అందుకే ఇక్కడ ఒక ఖాళీ మైదానం, అందులో ఒక చిన్న ఇల్లు, పైన ఒక ఆకాశం తీసుకుని, ఒక్కో చోట ఒక్కో నియమాన్నే తప్పిస్తూ పోదాం.

దీనికి 1993 నాటి షూటింగ్ గేమ్ డూమ్ ఎందుకంటే, దాని మ్యాప్ కాగితం మీద గీసిన ఇంటి ప్లానులాంటిది. పైనుంచి గీతలు గీస్తారు. మూసుకున్న ప్రతి ఆకారం ఒక సెక్టార్ అవుతుంది. ప్రతి సెక్టార్‌కూ నేల ఎత్తు, కప్పు ఎత్తు, కాంతి అంకెలుగా ఇస్తారు. త్రీడీ మోడలింగ్ రాకపోయినా పని జరుగుతుంది. 1997లో ఆ ఆటను నడిపే ప్రోగ్రాం (ఇంజిన్) సోర్స్ కోడ్ బయటికి వచ్చాక దాని మీద పెరిగిన జీజెడ్‌డూమ్ అనే ఇంజిన్‌లో పోర్టల్స్ (ఒక చోటి గీతలోంచి మరో చోటు కనిపించే ద్వారాలు), రంగు మంచు (ఫాగ్), సెక్టార్‌కో గ్రావిటీ లాంటివన్నీ ఉన్నాయి.

సిద్ధం చేసుకోవలసినవి

మూడూ ఉచితమే: ఆట నడిపేందుకు జీజెడ్‌డూమ్, మ్యాప్ గీసేందుకు అల్టిమేట్ డూమ్ బిల్డర్, టెక్స్చర్లూ (నేలకూ గోడలకూ అతికించే బొమ్మలు) మిగతా బొమ్మలూ ఇచ్చే ఫ్రీడూమ్ రెండో భాగం. డూమ్ 2 కొనుక్కుని ఉంటే ఫ్రీడూమ్ బదులు దాన్నే వాడచ్చు. కాకపోతే మీ మ్యాప్‌ను ఎవరైనా ఆడగలగాలంటే ఫ్రీడూమ్ మంచిది.

కొత్త మ్యాప్ తెరిచేటప్పుడు అడిగే కాన్ఫిగరేషన్‌లో జీజెడ్‌డూమ్, డూమ్ 2, యూడీఎంఎఫ్ (కొత్త మ్యాప్ ఫార్మాట్) అని ఉన్నదాన్నే ఎంచుకోండి. పాత డూమ్ ఫార్మాట్ ఎంచుకుంటే కింద చెప్పే గ్రావిటీ, ఫాగ్ రంగు, టెక్స్చర్ స్కేల్ పెట్టెలు అసలు కనిపించవు. సగం పనయ్యాక ఫార్మాట్ మార్చడం తలనొప్పి.

ఈ కొలతలు గుర్తుంచుకోండి. ప్లేయర్ ఎత్తు 56 యూనిట్లు, వెడల్పు 32, కన్ను 41 దగ్గర ఉంటుంది. 24 యూనిట్ల దాకా గట్టు ఎక్కగలడు, 25 అయితే ఆగిపోతాడు. పరుగెడితే సెకనుకు దాదాపు 580 యూనిట్లు వెళతాడు. ఈ చివరి అంకెను చాలామంది పట్టించుకోరు. "ఎంత దూరం" అనేదాన్ని యూనిట్లలో కాక సెకన్లలో లెక్కవేస్తేనే మైదానం కుదురుతుంది.

అంతులేని నేల

గ్రిడ్ 64 పెట్టుకుని 16384 × 16384 చదరం గీయండి. నేల 0, కప్పు 2048, కప్పు టెక్స్చర్ ఎఫ్ స్కై 1 (F_SKY1). ఆ పేరు పెట్టిన చోటల్లా ఇంజిన్ కప్పు బదులు ఆకాశం గీస్తుంది. నాలుగు అంచు గీతలకూ లైన్ హొరైజన్ యాక్షన్ (గీతకు అప్పగించే పని; దాని అంకె 9) ఇవ్వండి. ఇక ఆ గీత దగ్గర గోడ కనిపించదు. నేలా ఆకాశమూ దిగంతం దాకా సాగినట్టు కనిపిస్తాయి. ఈ గీతలు ఒకవైపు మాత్రమే సెక్టార్ ఉన్నవై ఉండాలి. పక్కపక్క అంచులు వేర్వేరు నేల ఎత్తులున్న సెక్టార్లకు చెందితే, దూరాన రెండు నేలలు అతక్క మధ్యలో పగులు కనిపిస్తుంది. అందుకే అంచు మొత్తం ఒకే సెక్టార్‌గా ఉంచండి.

ఇప్పుడు మంచు. సెక్టార్ ప్రాపర్టీస్‌లో ఫేడ్ రంగుకు, అంటే మంచు రంగుకు, లేత బూడిద, ఊదా కలిసిన రంగు పెట్టండి. ఎరుపు 184, ఆకుపచ్చ 172, నీలం 192 దగ్గర మొదలుపెట్టచ్చు. ముదురు రంగు పెడితే రాత్రి అవుతుంది, బాగా తెల్లటిది పెడితే మంచుకాలపు ఉదయం అవుతుంది. రెండూ గుర్తుపట్టగల వేళలే. వేళ తెలియకపోవడమే మనకు కావాలి.

మొదటిసారి ఆడి చూస్తే ఒక లోపం కనిపిస్తుంది. నేల దూరాన మంచు రంగులో కలిసిపోతుంది గానీ, ఆకాశం బొమ్మ మీద మంచు పడదు. దాంతో దిగంతం దగ్గర కత్తితో కోసినట్టు గీత మిగులుతుంది. మందు ఆకాశం టెక్స్చర్‌లోనే ఉంది. ఏదైనా బొమ్మల ప్రోగ్రాంలో 1024 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ చేయండి. ఈ ఇంజిన్‌లో 256 పిక్సెళ్లు 90 డిగ్రీలకు సరిపోతాయి, కాబట్టి 1024 అంటే చుట్టూ ఒక పూర్తి వలయం. బొమ్మ అడుగు వరసలన్నీ ఖచ్చితంగా ఫేడ్ రంగుతోనే నింపి, పైకి పోయేకొద్దీ నెమ్మదిగా మార్చండి. 184 బదులు 186 పడినా గీత తెలుస్తుంది. రంగును కంటితో చూసి కాదు, అంకె చూసి కలపండి. అది కుదిరితే నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో చెప్పలేరు. మిగతా వింతలేవీ లేకపోయినా ఈ ఒక్క పనితోనే సగం కల వచ్చేస్తుంది.

నేల టెక్స్చర్ 64 × 64. అంత పెద్ద మైదానంలో అది గళ్ల చీరలా కనిపిస్తుంది. నేల స్కేల్ రెండు పెట్టెల్లోనూ 0.25 వేస్తే నాలుగు రెట్లు పెద్దదై 256 యూనిట్లకోసారి తిరిగి వస్తుంది. ఈ పెట్టెల్లో అంకె తగ్గితే బొమ్మ పెరుగుతుంది. కొత్తవాళ్లు 4 అని వేసి, గళ్లు మరీ చిన్నవయ్యాయేమిటని అనుకుంటారు. మచ్చలూ పూలూ రాళ్లూ లేని, దాదాపు ఒకే రంగున్న ఇసుక లేదా గడ్డి ఎంచుకోండి.

వదిలి వెళ్లిన ఇల్లే ఎదురు రావడం

మ్యాప్‌కు గుండెకాయ ఇదే. కాస్త ఓపికగా చేయండి.

పెద్ద చదరానికి సరిగ్గా మధ్యలో 8192 × 8192 చదరం గీయండి. లోపలి సెక్టార్‌కూ బయటి సెక్టార్‌కూ నేల, కప్పు, కాంతి, ఫేడ్ రంగు, స్కేల్ అన్నీ ఒకటే ఉండాలి. ఆ లోపలి చదరం నాలుగు గీతలకూ ఐడీలు ఇవ్వండి: తూర్పుకు 1, పడమరకు 2, ఉత్తరానికి 3, దక్షిణానికి 4. తర్వాత:

1. నాలుగు గీతల ముందు వైపూ ఇంటి వైపుకే తిరిగి ఉండాలి. ఎడిటర్‌లో గీత మధ్య నుంచి పొడుచుకొచ్చే చిన్న ముక్క ముందు వైపును చూపిస్తుంది. తిరగబడి ఉంటే గీతను ఫ్లిప్ చేయండి.
2. ప్రతి గీతకూ టెలిపోర్ట్ లైన్ యాక్షన్ (215) ఇవ్వండి. గమ్యం ఐడీగా తూర్పు గీతకు 2, పడమరకు 1, ఉత్తరానికి 4, దక్షిణానికి 3. ఫ్లిప్ అనే చివరి అంకె 0.
3. ట్రిగ్గర్‌లో "ప్లేయర్ దాటినప్పుడు" అనే అర్థమిచ్చే పెట్టెనూ, "మళ్లీ మళ్లీ" అనేదాన్నీ టిక్ చేయండి. రెండోది మరిచిపోతే మాయ ఒక్కసారే పనిచేస్తుంది, రెండోసారి ప్లేయర్ నేరుగా అంచుకు పోయి కనిపించని గోడకు తగులుతాడు.

ఈ టెలిపోర్ట్‌కు శబ్దం లేదు, పచ్చ మెరుపు లేదు, వేగమూ దిశా మారవు. తూర్పు గీత దాటినవాడు పడమర గీత దగ్గర, అదే తూర్పు దిక్కుగా నడుస్తూ ఉంటాడు. ఇల్లు మధ్యలో ఉంది కనుక ఇంటికి వీపు పెట్టి పరుగెత్తినా దాదాపు 14 సెకన్లకు అదే ఇల్లు ఎదురొస్తుంది. మామూలు నడకకు దానికి రెట్టింపు పడుతుంది. 10 సెకన్ల కన్నా తక్కువైతే ఆటగాడు కిటుకు వెంటనే పట్టేస్తాడు. నిమిషం దాటితే విసిగి ఆట మూసేస్తాడు.

మాయ తెలియకుండా ఉండటం మూడు విషయాల మీద ఆధారపడుతుంది. గీత మీద నిలబడి వెనక్కి తిరిగి చూస్తే ఇంటి ఆనవాలు కూడా కనపడకూడదు. కనపడితే దాటిన క్షణాన ఇల్లు వెనక మాయమై ముందు పుట్టుకొస్తుంది. 3,000 యూనిట్ల దగ్గర ఇల్లు పూర్తిగా కరిగిపోయేదాకా ఫాగ్ డెన్సిటీ పెంచుతూ పోండి. అది విడిగా ఇవ్వని చోట సెక్టార్ కాంతి తగ్గేకొద్దీ మంచు చిక్కబడుతుంది, కాబట్టి కాంతి విలువను మధ్యలో కదపవద్దు. రెండోది, చెట్లూ రాళ్లూ కంచె స్తంభాలూ అన్నీ కేంద్రం నుంచి 1,000 యూనిట్ల లోపే ఉండాలి. ఆ పైన పెట్టిన ప్రతిదీ గీత దగ్గర నుంచి కనిపిస్తుంది, దాటగానే మాయమవుతుంది. మూడోది చాలామందికి తట్టదు. దాటినప్పుడు ప్లేయర్ 8192 యూనిట్లు జరుగుతాడు. ఆ అంకెను నేల టెక్స్చర్ తిరిగొచ్చే దూరం (256) శేషం లేకుండా భాగించాలి. 8192 లో 256 సరిగ్గా 32 సార్లు పోతుంది కనుక కాళ్ల కింద నేల కదలదు. చదరాన్ని 8000 అని గుండ్రంగా పెట్టినా, గళ్లు కనపడకూడదని నేల టెక్స్చర్‌ను 30 డిగ్రీలు తిప్పినా, దాటిన ప్రతిసారీ నేల చటుక్కున జరుగుతుంది.

పోర్టల్ వాడి కూడా ఇలాగే చుట్టు తిప్పచ్చు గదా అనిపిస్తుంది. వాడచ్చు, కానీ ఎదురెదురు పోర్టల్స్ ఒకదాంట్లో ఒకటి కనిపిస్తూ ఇంజిన్ అదే దృశ్యాన్ని పదే పదే గీయాల్సి వస్తుంది, ఫ్రేమ్ రేటు పడిపోతుంది. బయట ఏమీ కనపడని చోట గీత చాలు. పోర్టల్‌ను ఇంటి తలుపు కోసం దాచుకుందాం.

చిన్న ఇంట్లో పెద్ద హాలు

మధ్యలో 256 × 256 ఇల్లు కట్టండి. ఎత్తు 128, తలుపు 64 వెడల్పు, 96 ఎత్తు. అలంకారం ఏమీ వద్దు. ఇంటి చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగే వీలు తప్పక ఉంచండి. బయట కొలత ఎంతో ఆటగాడి కాళ్లకు తెలిస్తేనే లోపలి కొలత తప్పని తెలుస్తుంది.

మ్యాప్‌లో మరో మూల, మైదానానికి బయట, 2048 × 2048 హాలు గీయండి. రెండు చోట్లా తలుపు దగ్గర 16 యూనిట్ల లోతు ద్వారబంధం సెక్టార్ పెట్టండి. రెంటికీ నేల 0, కప్పు 96, వెడల్పు 64. బంధం లోపలి అంచు గీతే పోర్టల్. దాని వెనక మరో 16 యూనిట్ల ఉత్తుత్తి సెక్టార్ ఉండాలి, ఎందుకంటే పోర్టల్ గీతకు రెండు వైపులా సెక్టార్ కావాలి. ఈ సెక్టార్ ఎవరికీ కనపడదు.

రెండు గీతలకూ వేర్వేరు ఐడీలిచ్చి, రెంటికీ లైన్ సెట్ పోర్టల్ యాక్షన్ (156) వేసి, గమ్యంగా ఒకదానికి మరొకటి చూపండి. రెండు గీతల ముందు వైపూ ప్లేయర్ నడిచొచ్చే వైపుకే ఉండాలి. రకం అంకెలు నాలుగు: 0 చూపు మాత్రమే, 1 చూపుతో పాటు టెలిపోర్ట్, 2 పూర్తి రాకపోకలు, 3 రెండు చోట్లనూ శాశ్వతంగా ఒకే స్థలంగా అతికేది. ఇంటి తలుపు దక్షిణం చూస్తుంటే హాలు తలుపు గీత ముందు వైపు ఉత్తరం చూసేలా గీసి, 3 వాడండి. ఏదైనా కోణం తిప్పాల్సి వస్తే 3 కుదరదు, 2 పెట్టండి. ఒక గది తలుపులోంచి వెళ్లి అదే గదిలోకి వచ్చే ఏర్పాటుకూ 2 నే వాడాలి. చివరి అంకె ఎత్తుల సంగతి: రెండు చోట్లా నేల ఒకే ఎత్తులో ఉంటే 0, లేకపోతే 1 ఇస్తే నేలకు నేల కలుస్తుంది.

పనిచేయకపోతే వరసగా చూడవలసినవి: రెండు గీతల పొడవు ఒకటేనా, ముందు వైపు సరేనా, గమ్యం ఐడీ సరేనా. దృశ్యం కనిపిస్తుంది గానీ లోపలికి పోనివ్వడం లేదంటే రకం 0 లో ఉండిపోయిందన్నమాట. అన్నీ సరిగా ఉండి కూడా గుమ్మంలో నిలువు గీతలా తెలుస్తోందంటే రెండు బంధాల కాంతి విలువలు తేడాగా ఉన్నాయి.

హాలులో ఏం పెట్టాలన్నది మీ ఇష్టం. ఖాళీగా వదిలేసి, బయట ఉన్న ఇసుకనే లోపలి నేలకూ వేయడం మా లెక్కలో అన్నిటికన్నా బాగుంటుంది.

ఆకాశంలో తలకిందుల ఊరు

మైదానానికి దూరంగా 2048 × 2048 గది గీసి, నడుమ స్కై వ్యూపాయింట్ (థింగ్ 9080; థింగ్ అంటే మ్యాప్‌లో పెట్టే వస్తువు) పెట్టండి. ఎత్తు 41 ఇవ్వండి. దాని ఐడీ 0 గా వదిలేస్తే మ్యాప్‌లో ఎఫ్ స్కై 1 ఉన్న ప్రతి చోటా మామూలు ఆకాశం బదులు ఈ గదిలోంచి కనిపించే దృశ్యం వస్తుంది. ఫలానా సెక్టార్‌కు మాత్రమే కావాలంటే వ్యూపాయింట్‌కు ఐడీ ఇచ్చి, ఆ సెక్టార్‌లో స్కై పికర్ (9081) పెట్టి ఆ ఐడీ రాయండి.

ఆ గది కప్పుకు కూడా ఎఫ్ స్కై 1 వేసి ఎత్తు 1024 ఉంచండి. మీరు చేసిన ఆకాశం బొమ్మ అక్కడ కనిపిస్తుంది. అంచులకు మళ్లీ లైన్ హొరైజన్, మళ్లీ అదే ఫేడ్ రంగు. ఇప్పుడు గదిలో ఒక పక్కన 32 నుంచి 96 యూనిట్ల చదరాలు ఇరవై ముప్పై గీయండి. వాటి కప్పులను 500 నుంచి 800 మధ్య ఒక్కోటి ఒక్కో ఎత్తుకు దించి, ఎఫ్ స్కై 1 తీసేసి మామూలు గోడ టెక్స్చర్ ఇవ్వండి. కప్పు దించిన ప్రతి చదరమూ పైనుంచి వేలాడే దిమ్మెలా కనిపిస్తుంది. కొన్నిటికి కిటికీల టెక్స్చర్ తిరగేసి వేస్తే తలకిందుల ఊరు సిద్ధం.

వ్యూపాయింట్ కదలదు గనుక ప్లేయర్ ఎంత నడిచినా ఆ ఊరు చందమామలా అక్కడే ఉంటుంది, దగ్గరవ్వదు, దూరమవ్వదు. టెలిపోర్ట్ గీత దాటినప్పుడు కూడా కదలదు. అందుకే ఇది మన మైదానానికి సరిగ్గా అతుకుతుంది. ఊరును తల మీద కాకుండా ఒక పక్కన, దిగంతానికి 30 నుంచి 40 డిగ్రీల పైన పెట్టండి. తల ఎత్తి చూసే ఆటగాళ్లు చాలా తక్కువ.

తేలే దిబ్బ

డూమ్‌లో ఒక చోట ఒకే నేల ఉంటుంది. రెండో నేల కావాలంటే సెక్టార్ సెట్ త్రీడీ ఫ్లోర్ (160) వాడాలి. బయట ఎక్కడో చిన్న కంట్రోల్ సెక్టార్ గీస్తారు. దాని నేల ఎత్తు తేలే పలక అడుగు అవుతుంది, దాని కప్పు ఎత్తు పలక పై భాగం అవుతుంది. టెక్స్చర్లూ అంతే: కప్పు టెక్స్చర్ మీద నడుస్తాం, నేల టెక్స్చర్ కింది నుంచి కనిపిస్తుంది. కంట్రోల్ సెక్టార్ గీతల్లో ఒకదానికి 160 వేసి, దిబ్బ రావలసిన సెక్టార్ ట్యాగ్ (సెక్టార్‌కు మీరిచ్చే గుర్తు అంకె), రకం 1, ఫ్లాగ్ 1, ఆల్ఫా 255 ఇవ్వండి. ఫ్లాగ్ 1 ఇవ్వకపోతే పలక కింద నేల కాంతి మారి, మంచులో చదరపు మచ్చ పడుతుంది.

ఒక్క పలకే అయితే బల్లలా ఉంటుంది. నేల మీద ఒకదాంట్లో ఒకటిగా మూడు వంకర వలయాలు గీయండి. బయటి వలయానికి ట్యాగ్ 11, నడిమి దానికి 11, 12, లోపలి దానికి 11, 12, 13. యూడీఎంఎఫ్‌లో ఒక సెక్టార్‌కు ఎన్ని ట్యాగులైనా ఇవ్వచ్చు. మూడు కంట్రోల్ సెక్టార్లు: 11కు 448 నుంచి 512 దాకా, 12కు 352 నుంచి 448, 13కు 200 నుంచి 352. పైన చదునుగా, కిందికి పోయేకొద్దీ సన్నబడే మట్టిపెళ్ల తయారవుతుంది. ఇది కూడా కేంద్రం నుంచి ఆ 1,000 యూనిట్ల లోపే ఉండాలి.

దిబ్బ మీదికి ఎలా ఎక్కాలి? మెట్లు పెట్టవద్దు. దిబ్బ కిందా చుట్టూ ఉన్న సెక్టార్లకు గ్రావిటీ 0.25 ఇస్తే దూకే ఎత్తు సుమారు నాలుగు రెట్లవుతుంది. మధ్యలో నాలుగు చిన్న పలకలు 100 యూనిట్ల తేడాతో ఉంటే చాలు. అయితే గాల్లో ఉన్నప్పుడు దిశ మార్చే పట్టు డూమ్‌లో దాదాపు సున్నా. మ్యాప్‌ఇన్ఫోలో (MAPINFO, మ్యాప్ అమరికలు రాసే టెక్స్ట్ ఫైల్) ఎయిర్ కంట్రోల్ మామూలు విలువ 0.00390625. దాన్ని 0.2 దగ్గరికి పెంచకపోతే ఆటగాడు గాల్లో తేలుతూ, పలక పక్కనుంచి పోతూ తిట్టుకుంటాడు.

శబ్దం, ఆ తర్వాత పరీక్ష

మైదానంలో సంగీతం వద్దు. ఇంటి దగ్గర ఒక యాంబియెంట్ సౌండ్ థింగ్ (14001 నుంచి 14064 వరకు, శబ్దాల జాబితా ఫైలైన సౌండ్‌ఇన్ఫో, అంటే SNDINFO లో మీరిచ్చే అంకెను బట్టి) పెట్టి, ఫ్యాన్ తిరిగే చప్పుడు లాంటి ఇంటి శబ్దం ఏదైనా వేయండి. మంచులో ఇల్లు కనపడకముందే అది వినపడాలి, కాబట్టి వినిపించే దూరం ఇల్లు మాయమయ్యే దూరం కన్నా కాస్త ఎక్కువ ఉంచండి. 4,000 దాటనివ్వకండి, గీత దగ్గర శబ్దం తెగడం చెవికి తెలిసిపోతుంది.

పరీక్షించేటప్పుడు ఎడిటర్ త్రీడీ చూపును నమ్మవద్దు. టెలిపోర్ట్ గీతలు నడిస్తేనే తెలుస్తాయి, మంచు అతుకు ఆటలోనే సరిగ్గా కనిపిస్తుంది. ఒక్కో భాగం పెట్టగానే ఆడి చూసి, వేరే పేరుతో సేవ్ చేసి ముందుకు వెళ్లండి. గీతలను నేరుగా కాక ఏటవాలుగా, మూలల దగ్గర, వెనక్కి నడుస్తూ, గాల్లో దూకుతూ కూడా దాటి చూడండి. మూల దగ్గర రెండు గీతలు వెంటవెంటనే దాటితే ప్లేయర్ ఎదుటి మూలకు చేరాలి. అలా చేరకుండా బయటి వలయంలో చిక్కుకుంటున్నాడంటే నాలుగింటిలో ఏదో ఒక గీత ముందు వైపు బయటికి తిరిగి ఉంది.

పంచేటప్పుడు మీ ఆకాశం బొమ్మ, శబ్దం, మ్యాప్‌ఇన్ఫో, సౌండ్‌ఇన్ఫో అన్నీ మ్యాప్‌తో పాటు ఒకే పీకే3 (పేరు మార్చిన జిప్) ఫైల్‌లో పెట్టండి. ఏ జీజెడ్‌డూమ్ వెర్షన్‌లో పరీక్షించారో, ఫ్రీడూమ్ కావాలా డూమ్ 2 కావాలా అన్నది పక్కన చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాయండి. ఆటగాళ్లలో కొందరు జంప్ ఆపేసి ఆడతారు. దిబ్బ ఎక్కాలంటే దూకాలన్న మాట కూడా అందులోనే ఉండాలి.